లోపం లేనివారికి సున్నా

జ్ఞానసుందరికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన అబద్ధం ఆడడు.

వినేవాళ్లకి ఇదో ఫిర్యాదులా అనిపించదు. తాగుడు, పేకాట లాంటి ఘనమైన లోపాలతో కాపురం నెట్టుకొస్తున్న ఆడవాళ్లయితే, "అదృష్టవంతురాలివమ్మా" అని నిట్టూరుస్తారు కూడా. వాళ్లకేం తెలుసు? పెళ్లింట్లో భోంచేసి చెయ్యి కడుక్కుంటుంటే పెళ్లికూతురి తండ్రి తువ్వాలు అందిస్తూ "భోజనాలు ఎలా ఉన్నాయండీ" అని అడిగాడనుకోండి, "మాంసం ఇంకో పావుగంట ఉడకాలండి" అని చెప్పే మనిషితో ఇరవై రెండేళ్లు ఉంటే తెలుస్తుంది. పాస్టరుగారు చర్చి గుమ్మంలో నిలబడి "ఈ వేళ వాక్యం ఎలా ఉంది బ్రదర్" అని అడిగితే, "నలభై నిమిషాలు చెప్పారండి. ఇరవై అయ్యేసరికి విషయం అయిపోయింది" అన్నాడు. మరుసటి ఆదివారం నుంచి పాస్టరుగారు రెండో గుమ్మంలో నిలబడుతున్నారు.

ఆయన పేరు దేవదానం. మునిసిపాలిటీలో జనన మరణాల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆయన రిజిస్టర్లో ఎక్కితేనే ఖాయం. అబద్ధం ఎలా ఆడడో, మెచ్చుకోవడం కూడా అలాగే చెయ్యడు. పులుసు అద్భుతంగా కుదిరిన రోజున "పర్లేదు" అంటాడు. బాగుందంటే అతిశయోక్తి అవుతుందనీ, అతిశయోక్తి అబద్ధానికి వేలువిడిచిన మేనమామ అనీ ఆయన నమ్మకం.

సుందరి నలభై నాలుగో ఏట మళ్లీ కాలేజీలో చేరతానన్నప్పుడు కూడా ఆయన అన్నది ఆ మాటే. "పర్లేదు. చేరు."

ఆమె ఇంగ్లీషు బీఏ ఆఖరి ఏడాది చదువుతుండగా, సరిగ్గా హాల్ టికెట్ చేతికొచ్చిన వారంలో పచ్చకామెర్లు వచ్చాయి. తర్వాత పెళ్లి, ఆ తర్వాత పిల్ల. ఆ హాల్ టికెట్ మాత్రం బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది. చీరలు తీసిన ప్రతిసారీ అందులోంచి ఇరవై రెండేళ్ల సుందరి రెండు జడలతో ఆమెను చూసేది. కూతురు నర్సింగులో చేరి హాస్టలుకి వెళ్లాక, ఆ రెండు జడల పిల్లకి బాకీ తీర్చాలనిపించింది. ఒక్క ఏడాది. ఒక్క పరీక్ష. అంతే కదా అనుకుంది.

ఊరికి ఆరు కిలోమీటర్ల దూరాన కాలవ గట్టు మీద ఉంది కృపానిలయ క్రైస్తవ విశ్వవిద్యాలయం. నూరేళ్ల కిందట దొరసానులు పెట్టిన ఆడపిల్లల బడి అది. పెరిగి కాలేజీ అయింది. ఈమధ్యే మగపిల్లల్నీ చేర్చుకుని విశ్వవిద్యాలయమూ అయింది. ఇంగ్లీషు చెప్పే రూతు మేడమ్ ఇంకా ఉన్నారు. జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు. సుందరిని చూసి, "కామెర్లు తగ్గాయా?" అని మాత్రం అడిగి హాజరు వేసుకున్నారు.

మొదటి నెల హాయిగా గడిచింది. మేడమ్ ఒక పద్యం చెప్పారు. చేపలవేటకి వెళ్లిన మొగుడు సముద్రంలో పోతే, ఆ చావు రాయించడానికి ఒకావిడ ఆఫీసుకి వెళ్తుంది. గుమాస్తా పేరడుగుతాడు. వయసడుగుతాడు. వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపిస్తాడు. పద్యం అయిపోతుంది గానీ అతను తల మాత్రం ఎత్తడు.

సుందరి ఇంట్లో గోంగూర ఒలుస్తూ ఆ పద్యం పైకి చదివి, తెలుగులో అర్థం చెప్పుకుంటుంటే, పేపరు వెనకనుంచి దేవదానం అడిగాడు.

"ఆ గుమాస్తా తల ఎత్తలేదా?"

"లేదండి."

"చివర్లో కూడా?"

"ఎత్తలేదండి. అక్కడే ఆపేశాడు కవి."

పేపరు చాలాసేపు అలాగే ఉంది. పేజీ తిరగలేదు.

ఆ నెలాఖర్లోనే నాణ్యతా విభాగం డీన్ డాక్టర్ ఆనందపాల్ గారు మూడు రోజుల శిక్షణకి బెంగళూరు వెళ్లొచ్చారు. బెంగళూరు వెళ్లినవాళ్లు మామూలుగా స్వెట్టరు తెచ్చుకుంటారు. ఈయన ఒక ఆలోచన తెచ్చుకున్నారు. అది సోమవారం పొద్దున నోటీసు బోర్డు ఎక్కింది.

"సాహిత్య పఠనము యొక్క అంతిమ ప్రయోజనము శీల పరివర్తన అగుటచేతను, కొలవబడని పరివర్తన పరివర్తనగా పరిగణింపబడనందునను, ఇకమీదట ప్రతి పాఠమునకు ముందును, తర్వాతను విద్యార్థి శీలము కొలవబడును."

కొలత కోసం ఫారం 7-బి అచ్చయింది. ఎడమవైపు గడిలో 'పాఠానికి ముందున్న లోపాలు'. కుడివైపు గడిలో 'పాఠం తర్వాత వచ్చిన మార్పు'. కింద సంరక్షకుడి సంతకం. దీనికి ముప్ఫై మార్కులు. పన్నెండు రాకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. సంవత్సరాంతంలో చాపెల్ హాల్లో, ఎక్కువ మార్పు వచ్చినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి.

సాక్ష్యం చెప్పడం అక్కడివాళ్లకి కొత్తేం కాదు. ఒకప్పుడు నేనిలాంటి మనిషిని, ఇప్పుడిలా మారాను అని సంఘం ముందు చెప్పుకోవడం ప్రతి ఆదివారం ఉన్నదే. అందరికీ తెలిసీ ఎవరూ పైకి అనని సంగతి ఏమిటంటే, ఒకప్పుడు ఎంత చెడ్డవాడైతే సాక్ష్యం అంత రక్తి కడుతుంది. పుట్టినప్పటినుంచీ బుద్ధిగా ఉన్నవాడు లేచి నిలబడితే జనం చెప్పులు వెతుక్కుంటారు. ఆదివారం సరదాగా సాగే ఆ సంగతి, సోమవారం మార్కులుగా మారింది.

"నేను పద్యం చెప్తాను. అది వాళ్లని ఏం చేస్తుందో పద్యం ఇష్టం" అన్నారు రూతు మేడమ్ స్టాఫ్ మీటింగులో.

"పద్యాన్ని అలా స్వేచ్ఛగా వదిలెయ్యడానికి నిబంధనలు అంగీకరించవు మేడమ్" అన్నారు డీన్ గారు.

సుందరి మొదటి ఫారం తెచ్చి మొగుడి ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, పెన్ను విదిలించి, మరణ ధ్రువపత్రం రాసినంత శ్రద్ధగా ఎడమ గడిలో 'లేవు' అని రాశాడు. కుడి గడిలో 'రాలేదు' అని రాశాడు. సంతకం, తేదీ వేశాడు.

"అదేంటండీ? ఇరవై రెండేళ్లలో నాలో ఒక్క లోపం కూడా కనపళ్లేదా మీకు?"

"కనపడితే రాయనా?"

సుందరి ఆ మాటకి ఉబ్బిపోవాలో ఏడవాలో తేల్చుకోలేకపోయింది. పెళ్లయ్యాక మొగుడి నోట వచ్చిన మొదటి మెప్పు అది. దానికి విశ్వవిద్యాలయం వారు వేసిన మార్కు సున్నా.

పక్క బెంచీ పిల్ల బ్లెస్సీకి ఇరవై ఎనిమిది వచ్చాయి. "మా అమ్మ అదనంగా రెండు కాగితాలు అడిగి తీసుకుందాంటీ. చిన్నప్పుడు మట్టి తిన్నది కూడా రాసేసింది" అంది గర్వంగా.

సుందరి డీన్ గారి గదికి వెళ్లింది. ఆయన ఫారం చూసి, కుర్చీలో వెనక్కి వాలి, జబ్బు ముదిరాక వచ్చిన రోగిని చూసినట్టు చూశారు.

"సిస్టర్, మీ ప్రారంభ స్థాయి చాలా ఆందోళనకరంగా ఉంది."

"అంటే ఏంటండీ?"

"మీరు ఇప్పటికే మంచిగా ఉన్నారు. ఈ పరిస్థితి మా వ్యవస్థకి ఏమాత్రం సహకరించదు. మారడానికి అవకాశం లేని విద్యార్థిని మేము ఎలా మారుస్తాం?"

"నా మానాన నేను చదువుకుంటానండి. పరీక్ష రాస్తాను."

"చదవడం వేరు, ఫలితం వేరు సిస్టర్. నిరాశపడకండి. మీవంటి వెనకబడినవారి కోసం ఒక ప్రత్యేక సదుపాయం కల్పించబడుతోంది."

ఆ సదుపాయం పేరు 'లోప సముపార్జన శిబిరం'. ప్రతి శనివారం. బుద్ధిమంతులని తేలిన పదకొండుమందికీ హాజరు తప్పనిసరి. ముప్ఫై ఏళ్లు క్రమశిక్షణాధికారిగా చేసి రిటైరైన ఒక పెద్దాయన్ని పాఠాలు చెప్పడానికి పిలిచారు. ఆయన తను ముప్ఫై ఏళ్లుగా చెయ్యొద్దన్నవన్నీ జ్ఞాపకం నుంచి ఒకటొకటిగా అప్పజెప్పేవాడు. శిబిరానికి వేళకి వచ్చినవాళ్లకి గైర్హాజరు. సుందరి మూడు శనివారాలూ పది నిమిషాలు ముందే వెళ్లి మూడుసార్లూ గైర్హాజరైంది. నాలుగో శనివారం కావాలని ఆలస్యంగా బయల్దేరితే, ఎన్నడూ వేళకి రాని బస్సు ఆ రోజు ముందే వచ్చింది.

ఈలోగా విశ్వవిద్యాలయంలో పరివర్తన జోరందుకుంది. కొత్త పాఠం సోమవారం మొదలవుతుందంటే, ఆదివారమే హాస్టలు పిల్లలు భోజనాల గదిలో చపాతీలు విసురుకునేవారు. పాఠం అయిన శుక్రవారం అవే చపాతీలు ఏరి వార్డెన్ కి అప్పగించి క్షమాపణ చెప్పేవారు. వార్డెన్ రెండుసార్లూ లెక్కపెట్టి సంతకం చేసేది. నిజాయితీ గురించిన ఒక నవల మొదలుపెట్టే ముందు లైబ్రరీలో నూట పన్నెండు పుస్తకాలు మాయమయ్యాయి. నవల పూర్తయ్యాక నూట పది తిరిగొచ్చాయి. నిజాయితీ తొంభై ఎనిమిది శాతం దాటిందని డీన్ గారు నివేదిక పంపారు. మిగిలిన రెండు పుస్తకాలనూ 'తదుపరి పాఠమునకు ప్రారంభ స్థాయి' అని చూపించారు. చాపెల్ గంట తాడు కోసుకుపోయి, మూడో పాఠం తర్వాత తెచ్చి కట్టిన కుర్రాడికి ఉత్తమ విద్యార్థి పతకం ఇచ్చారు.

సుందరి కూడా చేతనైనంత ప్రయత్నించింది. కొరమేను పులుసులో కావాలని రెండింతలు ఉప్పేసింది. దేవదానం తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి, "ఉప్పెక్కువైంది. చేప మంచిది" అన్నాడు.

"అయితే రాయండి. వంట చేతకాదని."

"అది ఓ పూట పొరపాటు. లోపం ఎలా అవుద్ది?"

ఆయన అక్క రాహేలమ్మ వచ్చినప్పుడు సుందరి గుండె చిక్కబట్టుకుని, "వదినా, మీరొచ్చి వారం రోజులైంది, ఇంకెప్పుడెళ్తారు?" అని మొహం మీదే అడిగేసింది. వదినగారు సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. సుందరి ఫారం తీసుకుని ఆత్రంగా వచ్చింది.

దేవదానం తల అడ్డంగా ఊపాడు. "అది ఎవరో ఒకరు అడగాల్సిన మాటే. నాకు పదేళ్ల నుంచి చేతకాలేదు. నువ్వడిగావు."

"అబద్ధం ఆడమనట్లేదండి మిమ్మల్ని. కొంచెం చెడ్డగా చూడమంటున్నాను."

"చూస్తానే ఉన్నాను. కనపట్లేదు."

పరీక్షకి నెల రోజులుంది. ఎనిమిది పాఠాలకి ఎనిమిది సున్నాలు. మిగిలింది ఒక్క ఫారం, సంవత్సరాంతపు సమగ్ర ఫారం. దాంట్లో వచ్చిందే ఆఖరి మార్కు. సుందరి భోజనాల బల్ల మీద ఫారం పరుచుకుని కూర్చుంది. బీరువాలో రెండు జడల పిల్ల ఎదురుచూస్తోంది. గోడ మీది పటంలోంచి అత్తగారు చూస్తున్నారు. సుందరి తలెత్తి ఆవిడ వంక చూసి, "మీరేమీ అనుకోరు కదండీ" అని మనసులో అడిగి, రాయడం మొదలుపెట్టింది.

ఎడమ గడిలో: "అత్తగారికి వేళకి అన్నం పెట్టకపోవడం. పెట్టినా చద్దన్నం పెట్టడం. ఆవిడ కళ్లజోడు దాచెయ్యడం." కుడి గడిలో: "పద్యం చదివిన తర్వాత అత్తగారికి రోజూ స్వహస్తాలతో, వేడివేడిగా, ప్రేమతో వడ్డిస్తున్నాను."

సంరక్షకుడి సంతకం పక్కింటి గ్రేసమ్మ గారు పెట్టారు. కోయిర్ లో పాడే మనిషి. చదవకుండానే సంతకం పెట్టారు. సంతకం కింద చిన్న అక్షరాల్లో పద్నాలుగో నిబంధన ఉంది, తప్పుడు లోపాలు చూపినవారు మూడేళ్లు పరీక్షకు అనర్హులని. దాన్ని సుందరి రెండుసార్లు చదివి, ఫారం మడిచేసింది.

ముప్ఫైకి ఇరవై తొమ్మిది వచ్చాయి.

ఆ ఇరవై తొమ్మిదే కొంప ముంచింది. విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇవ్వడానికి పైనుంచి తనిఖీ సంఘం వస్తోంది. వాళ్ల ముందు నిలబెట్టడానికి డీన్ గారు సాక్షుల కోసం గాలిస్తే, సున్నాల మీది నుంచి ఇరవై తొమ్మిదికి ఎగబాకిన మనిషి ఒక్కరే కనిపించారు. శ్రీమతి జ్ఞానసుందరి గారు సాక్ష్యం చెప్పవలెను, సంరక్షకులు విధిగా హాజరు కావలెను అని కార్డు, మొదటి ఎనిమిది ఫారాల మీదా సంతకం ఉన్న దేవదానం ఆఫీసుకే వెళ్లింది.

"దేని గురించి సాక్ష్యం?" అని ఇంటికొచ్చి అడిగాడాయన.

"మామూలేనండి" అంది సుందరి. ఆయన ఇంకో మాట అడిగేలోపు వంటింట్లోకి వెళ్లిపోయింది.

చాపెల్ హాలు నిండిపోయింది. వేదిక మీద తనిఖీ సంఘం అధ్యక్షురాలు డాక్టర్ లీలావతి ఐజాక్ గారు కూర్చున్నారు. డెబ్భై ఏళ్లుంటాయి. చెవిలో మిషను. ఎవరేం చెప్పినా "కాస్త గట్టిగా" అంటున్నారు. గంట తాడు పతకధారి మొదలు ముగ్గురు సాక్ష్యం చెప్పారు. ప్రతి సాక్ష్యానికీ హాలంతా అలవాటు చొప్పున "స్తోత్రం" అంది. ఆ తర్వాత డీన్ గారు స్వయంగా మైకు అందుకున్నారు.

"ఇప్పుడు మన పథకానికి తలమానికం. అత్తగారికి చద్దన్నం పెట్టిన ఒక కోడలు, మన పాఠ్యప్రణాళిక ప్రభావమున, ఈనాడు అదే అత్తగారికి వేడివేడిగా వడ్డించుచున్నది. సంరక్షకులు కూడా మన మధ్య ఉన్నారు. బ్రదర్ దేవదానం గారూ, ఇది నిజమని ఒక్క మాట చెప్పండి."

సుందరి కళ్లు మూసుకుంది. నిజం అనే మాట విన్నాక ఆయన్ని ఆపడం దేవుడి తరం కూడా కాదు.

దేవదానం లేచాడు. ఫారం అడిగి తీసుకున్నాడు. కళ్లజోడు తుడుచుకుని మొత్తం చదివాడు.

"మా అమ్మ పోయి ఇరవై నాలుగేళ్లైందండి" అన్నాడు. "మా పెళ్లికి రెండేళ్ల ముందు. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. నేను రిజిస్టర్లో రాసిన మూడో పేరు మా అమ్మదే. ఈవిడ ఆవిణ్ణి ఎప్పుడూ చూడనే లేదు. చద్దన్నం ఎలా పెడుతుందండి?"

హాల్లో ఎవరో అలవాటుగా "స్తోత్రం" అని, నాలిక కరుచుకున్నారు.

డీన్ గారు తన దగ్గరున్న నకలు తిరగేశారు. "మరి ఇప్పుడు వేడివేడిగా వడ్డిస్తున్నట్టు స్పష్టంగా రాసి ఉంది."

"రాసి ఉందండి. తినేవాళ్లే లేరు."

"అయితే ఇది పద్నాలుగో నిబంధన కిందికి వస్తుంది." డీన్ గారి గొంతు గట్టిపడింది. "ఈ విద్యార్థిని మూడేళ్లు అనర్హురాలు."

సుందరి లేచి నిలబడింది. "అబద్ధం రాశానండి. ఉన్నమాట రాస్తే ఎనిమిది సున్నాలొచ్చాయి. బతికున్నవాళ్ల మీద రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని పోయినావిడ మీద రాశాను."

లీలావతి గారు చెవి మిషను సరిచేసుకున్నారు. "ఏమయ్యా దేవదానం, నువ్వు అబద్ధం ఆడే మనిషిలా లేవు. ఈ చదువు వల్ల మీ ఇంట్లో మార్పేమన్నా వచ్చిందా, లేదా? అది చెప్పు."

"రెండొచ్చాయండి. ఈవిడకి ఇదివరకు అబద్ధం రాదు. ఈ ఫారం వల్ల వచ్చింది. అదొకటి."

"రెండోది?"

"ఈవిడ ఓ పద్యం చదివిందండి, కూర ఒలుస్తూ. చావు రాయించుకోడానికి వచ్చినావిడ వంక గుమాస్తా తలెత్తి చూడడు. నేను ఇరవై నాలుగేళ్లుగా చావులు రాస్తున్నాను. ఎవరి మొహమూ నాకు గుర్తులేదు. మర్నాడు ఆఫీసులో నా బల్లకి ఇవతల ఒక కుర్చీ వేయించాను. వచ్చినవాళ్లని కూచోమంటున్నాను. కూచున్నాక రాస్తున్నాను." ఆయన ఫారం మడిచాడు. "నేను ఇక్కడ విద్యార్థిని కాదు కదండి. ఆ మార్పు రాయడానికి దీంట్లో గడి లేదు."

వెనక వరసలో రూతు మేడమ్ ముక్కు గట్టిగా చీదుకున్నారు. సుందరి మొగుడి వంక చూసింది. కుర్చీ సంగతి ఆయన ఇంట్లో చెప్పనేలేదు.

"చూడండి డీన్ గారూ" అన్నారు లీలావతి గారు. "మీ ఫారం ఒక నిజాయితీపరురాలికి అబద్ధం నేర్పింది. ఫారం లేకుండా పద్యం ఒక మనిషిని మార్చింది. నేను దేనికి గ్రేడు ఇవ్వాలి? ఇప్పుడీ అనర్హత ఎవరికి?"

"ప్రక్రియలో స్వల్ప సమన్వయ లోపం సంభవించినట్లు గమనించబడింది మేడమ్."

"గమనించారు, సంతోషం. దేవదానం, మీ రిజిస్టర్లో తప్పు పడితే ఏం చేస్తారు?"

"రాసినవాడే రావాలండి. ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టాలి. ఇంకెవరు కొట్టేసినా చెల్లదు."

లీలావతి గారు తన సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి, ముందున్న ఫైల్లోంచి శీలం కొలతల నోటీసు ప్రతి లాగి దాని మీద పెట్టి, డీన్ గారి వైపు జరిపారు. "ఇది చాపెల్ కదా. ఏడాదంతా పిల్లల చేత సాక్ష్యాలు చెప్పించారు. సాక్ష్యం ఎలా మొదలవుతుందో మీకు తెలియనిది కాదు. మీరు కొట్టేస్తే ఆవిడకి హాల్ టికెట్, మీ విశ్వవిద్యాలయానికి గ్రేడు. లేకపోతే ఆవిడకి మూడేళ్లు పరీక్ష లేదు, మీకు మూడేళ్లు గ్రేడు లేదు."

డీన్ గారు పెన్ను వంక చూశారు. గ్రేడు వంక చూశారు, అది కనపడేది కాకపోయినా. హాల్లో నాలుగొందల మంది చేతులు కట్టుకుని, ఏడాదిగా నేర్చుకున్న శ్రద్ధతో ఎదురుచూస్తున్నారు. ఆయన నోటీసు మీద అడ్డంగా ఒక గీత గీశారు. పక్కన సంతకం పెట్టారు. మైకు దగ్గరికి వంగి, పెదవులు కదిపారు.

"వినపళ్లేదు నాయనా" అన్నారు లీలావతి గారు, చెవి మీద చెయ్యి పెట్టుకుని. "కాస్త గట్టిగా."

"తప్పు చేసింది నేనండి" అన్నారు డాక్టర్ ఆనందపాల్ గారు.